భోగికి పది రోజుల ముందే మందుల డబ్బా తెరవండి

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో ముంబై రోడ్డు మీద నాకొక మందుల షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా అదే షట్టరు, అదే బల్ల. జొన్నవాడ, దగదర్తి, సంగం వైపు పల్లెల నుంచి వచ్చేవారిలో చాలామందిని వారి పేరుకంటే ముందు వారు వాడే మందులతోనే గుర్తుపడతాను. ఏడాదిలో తక్కిన రోజులన్నీ ఒక ఎత్తు, భోగి ముందటి రాత్రి ఒక ఎత్తు. ఆ రాత్రి తొమ్మిది దాటాక బల్ల ముందు నిలబడేవారి చేతుల్లో కొత్త బట్టల సంచులు, పూల పొట్లాలు, బెల్లం ఉంటాయి. అన్నీ కొన్నాక చివరగా జేబులోంచి బయటికి వచ్చేది రెండే బిళ్ళలు మిగిలిన షీటు ముక్క. మందు పేరు, మోతాదు, గడువు తేదీ ఉన్న వైపంతా అంతకుముందే కత్తిరించి పారేసి ఉంటారు. "ఇదేనయ్యా, తెల్లగా గుండ్రంగా ఉంటుంది, పొద్దున వేసుకునేది" అంటారు. తెల్లగా గుండ్రంగా ఉండే బిళ్ళలు నా షాపులో కొన్ని వందల రకాలున్నాయి. చీటీ రాసిన డాక్టరుగారు ఆ మధ్యాహ్నమే సొంత ఊరికి బయలుదేరి ఉంటారు.

ఆ రాత్రిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పండగకు ఇంటికి సున్నం వేయిస్తాం, అరిసెలకు పిండి కొట్టిస్తాం, రైలు టిక్కెట్లు నెలల ముందే తీసుకుంటాం. ఇంట్లో పెద్దవారు రోజూ మింగే బిళ్ళల సంగతి మాత్రం పండగ గుమ్మంలోకి వచ్చాక గాని గుర్తుకు రాదు.

మందుల షాపు తెరిచి ఉంటే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. ఎందుకు చాలదో మా వ్యాపారం నడిచే తీరు తెలిస్తే అర్థమవుతుంది. మా బోటి చిన్న పట్టణంలోని షాపులో నెలల తరబడి సరుకు నిల్వ ఉండదు. ఉదయం ఏది అయిపోయిందో చూసుకుని నెల్లూరులోని హోల్‌సేల్ ఏజెన్సీలకు ఆర్డరు చెప్తాము, సాయంత్రానికి సరుకు వస్తుంది. అంటే నా అరల వెనుక ఉన్న అసలు గోదాము నెల్లూరులో ఉంది, అది పండగ రోజుల్లో మూసి ఉంటుంది. భోగి బుధవారం వచ్చిందనుకోండి. బుధ, గురు, శుక్రవారాలు పండగ, శనివారం ముక్కనుమ, ఆపైన ఆదివారం. సోమవారం ఉదయం ఏజెన్సీలు తెరిచి, నా ఆర్డరు తీసుకుని, సాయంత్రానికి సరుకు పంపేసరికి ఆరు రోజులు గడిచిపోతాయి. ఈ ఆరు రోజులూ నేను షాపు తెరిచే ఉంచినా, మంగళవారం రాత్రికి నా అరలో మిగిలిన దాన్ని మాత్రమే ఇవ్వగలను. పైగా హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల నుంచి పండగకు వచ్చిన పిల్లలు తమ మందులు అక్కడే మరిచిపోయి ఇక్కడ వెతుక్కుంటారు కాబట్టి, ఆ మిగిలినదీ మామూలుకంటే త్వరగా ఖర్చవుతుంది.

ఎనిమిదేళ్ల క్రితం వరకు నేనూ ఈ విషయాన్ని ఇంతగా పట్టించుకోలేదు. ఆ ఏడాది సంక్రాంతికి షాపు మూసి, భార్యాపిల్లలతో పొదిలిలోని అత్తగారింటికి వెళ్లాను. మూసే ముందు షట్టరు మీద ఒక కాగితమైనా అంటించలేదు. దగదర్తి వైపు పల్లె నుంచి ఒకాయన తన ఎనిమిదేళ్ల కొడుకుకు మూర్ఛ మందు నా దగ్గరే కొనేవారు. అది వాల్‌ప్రోయేట్ సిరప్, రోజుకు రెండు పూటలా తప్పకుండా పట్టాలి. సీసా భోగి తెల్లవారుజామున అయిపోయింది. ఆయన మోటారు సైకిలు మీద వచ్చి నా షట్టరు చూశారు, తెరిచి ఉన్న మరో షాపుకు వెళ్లారు, అక్కడ ఆ మందు లేదు. నెల్లూరు వెళ్లడానికి పండగ పనులు అడ్డువచ్చాయి, రెండు పూటలు తప్పితే ఏమవుతుందిలే అనుకున్నారు. అంతకుముందు రాత్రి భోగిమంట కోసం పిల్లవాడు మూడు గంటలకే లేచి ఉన్నాడు. నిద్ర తక్కువ కావడం, మందు తప్పడం, ఈ రెండూ కలిస్తే మూర్ఛ తిరగబెట్టడానికి అంతకంటే కారణం అక్కరలేదు. సంక్రాంతి మధ్యాహ్నం భోజనాల వేళ ఫిట్స్ వచ్చి ఎంతకీ ఆగలేదు. 108 బండి వచ్చి నెల్లూరుకు తీసుకెళ్లింది. పిల్లవాడు రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, దేవుడి దయవల్ల క్షేమంగా ఇల్లు చేరాడు.

ముక్కనుమ మరునాడు నేను షాపు తెరిచేసరికి ఆయన బయట నిలబడి ఉన్నారు. కోప్పడలేదు. "మీరు ఊరికి పోతారని ముందే చెప్పి ఉంటే నేను నెల్లూరు పోయి తెచ్చుకునేవాణ్ణి గదన్నా" అన్నారు. ఆ మాట ఈనాటికీ నాతోనే ఉంది. తప్పు నాది. అప్పటి నుంచి ప్రతి సెలవుల వరుసకూ పది రోజుల ముందు, రోజూ మందు వాడేవారికి నేనే ఫోన్ చేసి ఇంట్లో ఎన్ని బిళ్ళలున్నాయో లెక్కపెట్టమంటున్నాను. అలా అడుగుతూ వచ్చిన ఈ ఏళ్లలో తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

మొదట లెక్క. నెలకు సరిపడా మందులు ఒకేసారి కొన్నాం కాబట్టి అన్నీ ఒకేసారి అయిపోతాయని చాలామంది అనుకుంటారు, కానీ అలా జరగదు. ఒక కంపెనీ షీటులో పది బిళ్ళలు పెడుతుంది, మరొకటి పద్నాలుగు, ఇంకొకటి పదిహేను. పది బిళ్ళలవి మూడు గాని, పదిహేను బిళ్ళలవి రెండు గాని కొంటే ముప్పై రోజులు వస్తాయి. పద్నాలుగు బిళ్ళలవి రెండు కొంటే ఇరవై ఎనిమిది రోజులే వస్తాయి. ఆ రెండు రోజుల వెలితిని ప్రతి నెలా ఎవరూ గమనించక, బీపీ బిళ్ళ ముందుగా అయిపోయి షుగరు బిళ్ళ మిగిలి ఉండే స్థితి వస్తుంది. అందుకని పండగకు పది రోజుల ముందు ఒక సాయంత్రం మందుల డబ్బాను చాప మీద బోర్లించి, ఒక్కొక్క మందూ ఏ తేదీ దాకా వస్తుందో విడివిడిగా లెక్కవేసి కాగితం మీద రాయాలి. సెలవులు అయిపోయి షాపులు తెరిచే రోజు ఏదో, దానికి మరో అయిదు రోజులు కలిపి, అందాకా చాలనిది ఏదైనా ఉంటే అప్పుడే కొనాలి. అయిదు రోజుల మిగులు ఎందుకంటే, షాపు తెరిచిన మొదటిరోజే మీకు కావలసిన మందు వస్తుందన్న భరోసా నేనే ఇవ్వలేను.

కూలికి వెళ్లేవారు నాలుగు రోజులకు సరిపడా కొని, డబ్బులు అందాక మళ్లీ కొంటారు. పది రోజుల మందు ముందే కొనండి అని వారికి చెప్పడం నాకు తేలిక, కొనడం వారికి కష్టం. అలాంటివారికి నేను చెప్పే మాట వేరు. బీపీ, షుగరు బిళ్ళలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఊళ్లోని నర్సమ్మ దగ్గరకో ఆశా కార్యకర్త దగ్గరకో పండగకు రెండు వారాల ముందు వెళ్లి, సెలవులు కలిసేలా ఇప్పించమని అడగాలి. అడగడానికి మొహమాటపడి బిళ్ళలు మానేసిన వారిని చూశాను. అది అడిగి తీసుకోవలసిన హక్కు, మొహమాటపడవలసిన విషయం కాదు.

లెక్క తరువాత పేరు. షీటును ఎప్పుడూ పేరు, గడువు ఉన్న వైపు కాకుండా ఎదుటి వైపు నుంచి వాడుకుంటూ రావాలి. చివరి రెండు బిళ్ళల దగ్గరైనా పేరు మిగిలి ఉండాలి. బ్రాండు పేరుతో పాటు అందులోని అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నది ఒక కాగితం మీద రాసి, ఫోనులో ఫోటో తీసి, ఊళ్లో లేని పిల్లల ఫోనులో కూడా ఉంచండి. బ్రాండు పేరొక్కటే తెలిస్తే అది దొరకని ఊళ్లో చేయగలిగింది లేదు. టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు అని చెప్తే ఏ ఊళ్లోనైనా ఏదో ఒక కంపెనీది దొరుకుతుంది, జన ఔషధి కేంద్రంలోనూ దొరకవచ్చు. పేరు చివర ఉండే అక్షరాలను కూడా వదలకుండా రాయాలి. ఒకే బ్రాండు పక్కన హెచ్ అని ఉంటే అందులో నీరు తీసే మందు కలిసి ఉందని, ఏఎం అని ఉంటే ఆమ్లోడిపిన్ కలిసి ఉందని అర్థం. మెట్‌ఫార్మిన్ పక్కన ఎస్‌ఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో ఉంటే అది మెల్లగా కరిగే రకం, దాన్ని నూరి గాని విరిచి గాని వేసుకోకూడదు. పండగ హడావిడిలో ఒకదానికి ఒకటి తీసుకునే పొరపాటు సరిగ్గా ఈ అక్షరాల దగ్గరే జరుగుతుంది.

ఒక్క పూట కూడా తప్పకూడని మందులు కొన్ని ఉన్నాయి. మూర్ఛ మందుల సంగతి చెప్పాను. గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గుండె కవాటం మార్పించుకున్నవారు వాడే వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటివీ అంతే. వీరు మందు నిల్వ చూసుకోవడంతో పాటు రక్తం ఎంత పలచగా ఉందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్షను కూడా సెలవులకు ముందే చేయించుకుని మోతాదు ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే సెలవుల్లో అన్ని ల్యాబులూ పనిచేయవు. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి బీపీ మందులు, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆపితే శరీరం తట్టుకోలేదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి మందుల గురించి వేరే చెప్పనక్కరలేదు, అవి నా షాపులో ఎప్పుడూ ఉండవు, తెప్పించడానికే రెండు రోజులు పడుతుంది. వీటితో పోలిస్తే థైరాయిడ్ బిళ్ళ ఒకరోజు తప్పినంతలో ముంచుకొచ్చే ప్రమాదం లేదు, దాని ప్రభావం శరీరంలో చాలా రోజులు నిలుస్తుంది. ఏది తప్పినా మరుపూట రెండు కలిపి వేసుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు.

మానసిక వైద్యానికి, నిద్రకు వాడే మందుల విషయంలో ఒక చిక్కు ఉంది. వాటిలో చాలావాటిని సరైన చీటీ లేకుండా నేను ఇవ్వకూడదు. పాత చీటీ చూపించి, "పండగ గదా, ఈ ఒక్కసారికి ఇవ్వండి" అని బతిమాలినా ఇవ్వలేను. ఇవ్వకపోతే ఆ మనిషికి నాలుగు రోజులు నరకం. ఇంటివారు ముందే డాక్టరు దగ్గరకు వెళ్లి కొత్త చీటీ రాయించుకుంటే ఈ స్థితి రాదు. పండగ పూట నలుగురిలో ఉన్నా మనసు కుంగిపోయేవారు ఉంటారు. అటువంటివారి కోసం 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వం నడిపే ఆ సేవ పేరు టెలీ మానస్.

ఇన్సులిన్ వాడేవారికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెలవుల్లో నేను చూసిన పొరపాట్లలో సగం దానికి సంబంధించినవే. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్జులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడకంలో ఉన్న సీసా గాని పెన్ను గాని ఎండ తగలని చల్లని చోట సాధారణంగా నాలుగు వారాలు నిలుస్తుంది, ఖచ్చితమైన గడువు దాని పెట్టె మీదే రాసి ఉంటుంది. తెరిచిన తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. పండగకు ఊరెళ్లేటప్పుడు దాన్ని కారు డ్యాష్‌బోర్డు మీదో బస్సు పైనున్న సామానులోనో పెట్టకుండా చేతి సంచిలో పెట్టుకోవాలి. ఐసుముక్కలకు నేరుగా తగలనివ్వకూడదు. పల్లెలో ఫ్రిజ్జు లేని ఇంట్లో దిగితే, తడి ఇసుక పోసిన కుండలో మరో చిన్న కుండ పెట్టి అందులో ఉంచడం పాత పద్ధతే అయినా మంచి పద్ధతి.

అంతకంటే ముఖ్యమైనది సిరంజి. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్లదానికి నారింజ రంగు మూత సిరంజి. సెలవుల్లో సిరంజిలు అయిపోయి, దొరికినచోట దొరికింది కొని, 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో పది గీత దాకా తీసుకుంటే శరీరంలోకి వెళ్లేది పది యూనిట్లు కాదు, ఇరవై అయిదు. షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. దీనికి విరుద్ధంగా, 40 యూనిట్ల ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజితో పది దాకా తీస్తే వెళ్లేది నాలుగే. కాబట్టి ఇన్సులిన్‌తో పాటు సిరంజిలు, సూదులు, షుగరు చూసుకునే స్ట్రిప్పులు కూడా లెక్కలో చేరాలి. ఇంట్లో చక్కెరో గ్లూకోజు పొడో చేతికందే చోట ఉండాలి. అరిసెలు తింటున్నాం గదా అని తమంతట తామే రెండు యూనిట్లు పెంచుకునేవారు ఉన్నారు, ఆ నిర్ణయం డాక్టరుతో ముందే మాట్లాడి తీసుకోవలసినది.

మా అత్తగారి ఊరి వైపు, పొదిలి, కనిగిరి ప్రాంతంలో, ఫ్లోరైడు నీళ్ల బాధతో పాటు కిడ్నీ జబ్బుల బాధ కూడా దగ్గరగా చూశాను. మా దగ్గరి బంధువు ఒకాయన వారానికి మూడుసార్లు ఒంగోలు వెళ్లి డయాలసిస్ చేయించుకుంటారు. పండగలో ఆయనకు రావలసిన వంతు ఏ రోజు పడుతుందన్నది ఆ ఇంట్లో నెల ముందు నుంచే మాట్లాడుకుంటారు, మాట్లాడుకోవాలి కూడా. మూత్రపిండాలు పనిచేయని మనిషికి రెండు డయాలసిస్‌ల మధ్య ఎడం పెరిగే కొద్దీ ఒంట్లో నీరు, రక్తంలో పొటాషియం పెరిగిపోతాయి. పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పి, ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోగలదు. "పండగ పూట ఒకటి తప్పిద్దాంలే" అన్న మాట అందుకే అనకూడదు. కేంద్రంవారు పండగనాడు మూస్తే ముందురోజుకో మరునాటికో వంతు మార్చమని వారం ముందే అడిగి, మార్చిన తేదీని రాయించుకోవాలి. ఆ రోజుల్లో తిండి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. సంక్రాంతికి మనం ఇష్టంగా ఉడకబెట్టుకునే గెనుసుగడ్డలు, అరటిపండ్లు, కొబ్బరినీళ్లు పొటాషియం నిండినవి. ఇంటికి వచ్చిన చుట్టాలు తెలియక, "నీరసంగా ఉన్నావు, కొబ్బరి బోండాం తాగు" అని బలవంతపెడతారు. ఆ ఇంటి ఆడవారు చుట్టాలందరికీ ముందే ఈ సంగతి చెప్పి ఉంచుతారు, నాకు చాలా నచ్చిన పద్ధతి అది. ప్రయాణాల వల్ల ఒళ్లునొప్పులు వచ్చాయని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి బిళ్ళలు కిడ్నీ జబ్బున్నవారు సొంతంగా మింగకూడదు.

గుండె బలహీనంగా ఉన్నవారికీ, బీపీ ఎక్కువగా ఉన్నవారికీ ఉప్పే పెద్ద శత్రువు. కనుమనాటి మాంసం కూర, చేపల పులుసు, కొత్త ఊరగాయ అన్నీ కలిసి ఒక్కరోజులో వారం ఉప్పు ఒంట్లోకి వెళుతుంది. రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చినా అది తిన్నది అరగక కాదు, ఒంట్లో నీరు చేరి. పండగ అయ్యేదాకా చూద్దామని ఆగవలసిన లక్షణాలు కావు.

ఉబ్బసం ఉన్నవారు భోగిమంటకు దూరంగా ఉండాలి. పాత టైర్లు, ప్లాస్టిక్ వేసే మంట పక్కకు అసలే వెళ్లకూడదు. వాడుతున్న ఇన్‌హేలరులో ఎన్ని మోతాదులు మిగిలాయో దాని మీద అంకె ఉంటే చూసుకోండి, లేకపోతే కొత్తది ఒకటి తెచ్చిపెట్టుకోండి. మంట దగ్గర చెయ్యో కాలో కాలితే వెంటనే ఇరవై నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూసుకుని వచ్చినవారి గాయాన్ని శుభ్రం చేసేటప్పుడు వారు పడే బాధ చూశాక ఈ మాటను ఎన్నిసార్లయినా చెప్పాలనిపిస్తుంది.

ఇంట్లో ఉండవలసిన చిన్న సామగ్రి ఎక్కువేమీ లేదు. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దూది, కట్టుగుడ్డ, థర్మామీటరు. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం మొత్తాన్ని ఒక లీటరు నీటిలో ఒకేసారి కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే లవణాల పాలు తప్పుతుంది. మిగిలిపోయిన యాంటీబయాటిక్ బిళ్ళలను దాచి, "పోయినసారి దీంతోనే తగ్గింది" అని పిల్లలకు వేయడం మాత్రం వద్దు.

ఇక అత్యవసరం. సెలవు రోజున ఆసుపత్రులన్నీ మూసి ఉంటాయన్నది అపోహ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆదివారాలు, పండగ సెలవుల్లో నడవనిది ఓపీ. నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ ఒంగోలు సర్వజన ఆసుపత్రిలోనూ అత్యవసర విభాగం ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ప్రైవేటు ఆసుపత్రులకు మాత్రం ముందే ఫోన్ చేసి, పండగ మూడు రోజులూ ఏ డాక్టరు ఉంటారు, స్కానింగ్ ఉంటుందా, డెలివరీలు చూస్తారా అని అడిగి తెలుసుకోవాలి. తొమ్మిదో నెల గర్భిణి ఉన్న ఇంట్లో ఈ పని భోగికి వారం ముందే పూర్తికావాలి. నొప్పులు మొదలయ్యాక ఊరూరా తిరగడం తల్లికీ బిడ్డకూ మంచిది కాదు. మన రాష్ట్రంలో 108 సేవ 2005 నుంచి ఉంది, పండగకు ఆగదు. ఫోన్ చేసినప్పుడు ఊరి పేరుతో పాటు మండలం పేరు, గుడో బడో చెరువుకట్టో ఏదో ఒక గుర్తు చెప్పి, వీధి మొదట్లో ఒక మనిషిని నిలబెట్టాలి. పల్లెల్లో ముగ్గులు, బండ్లు, పందిళ్లతో వీధులు నిండి ఉంటాయి, బండి లోపలికి రావడానికి దారి ఉందో లేదో ముందే చూడాలి. రొట్టెల పండగ రోజుల్లో నెల్లూరులో స్వర్ణాల చెరువు, బారాషహీద్ దర్గా వైపు రోడ్లు ఎంత కిక్కిరిసి ఉంటాయో మనకు తెలియనిది కాదు, ఆ రోజుల్లో ఏ దారిలో ఆసుపత్రి చేరాలో ఇంటివారు అనుకుని ఉండటం మంచిది. ఆధార్, బియ్యం కార్డు, ఎన్టీఆర్ వైద్య సేవకు కావలసిన కాగితాలు, మందుల జాబితా ఒకే కవరులో ఉంచి, ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పండి. వైద్య సేవ ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో 104కు ఫోన్ చేసి అడగవచ్చు.

మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే గడియారం చూసి ఆ సమయం గుర్తుపెట్టుకోండి. పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు. పండగ భోజనం తరువాత వచ్చిన గుండెనొప్పిని గ్యాసు అనుకుని సోడా తాగి పడుకున్నవారి గురించి నేను చాలా విన్నాను. ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టకూడదు. అయిదు నిమిషాలకు ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం కోసం ఆగడం, ఇవేవీ వద్దు, కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

కుక్క కరిచినప్పుడు గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కిస్తే తరువాతివి 3, 7, 28వ రోజుల్లో పడతాయి. క్రిస్మస్ రోజున మొదలుపెట్టినవారికి చివరిది జనవరి 22న వస్తుంది, మధ్యలో ఏదైనా సెలవు రోజున పడిందేమో నర్సమ్మను ముందే అడిగి, ఆ రోజు ఎక్కడ వేస్తారో తెలుసుకోండి. పండగ కదా అని సూది మానేస్తే, రేబిస్ అనే పిచ్చికుక్క జబ్బు వచ్చాక దానికి వైద్యం లేదు.

మన నెల్లూరువాళ్లకు మరో అలవాటు ఉంది. పెద్ద జబ్బు అనగానే చెన్నై రైలు ఎక్కుతాం, లేదా వేలూరు వెళతాం. సంక్రాంతి రోజుల్లోనే అక్కడ పొంగల్ సెలవులు. ఆ వారంలో అపాయింట్‌మెంటు ఉన్నవారు ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా బయలుదేరవద్దు. అక్కడి డాక్టరు రాసిన మందుల్లో కొన్ని ఇక్కడ దొరకవు కాబట్టి, పోయినసారి తెచ్చుకున్నవి ఎందాకా వస్తాయో కూడా లెక్క చూసుకోవాలి.

దగదర్తి వైపు ఉండే ఆ పిల్లవాడికి ఇప్పుడు పదహారేళ్లు. సిరప్ నుంచి బిళ్ళలకు మారాడు, తన మందు తానే కొనుక్కుంటాడు. డిసెంబరు చివర్లో వచ్చి, జనవరి ఇరవై అయిదు దాకా సరిపడా తీసుకుని, బల్ల మీదే లెక్కపెట్టుకుని వెళ్లాడు.

ఈ సంక్రాంతికి మా రోడ్డులోని మూడు మందుల షాపులవాళ్లం మాట్లాడుకుని వంతులు వేసుకున్నాము. భోగినాడు ఒకరు, పండగనాడు నేను, కనుమనాడు మరొకరు. ఏ రోజు ఎవరిది తెరిచి ఉంటుందో రాసిన కాగితాన్ని మూడు షట్టర్ల మీదా అంటిస్తున్నాము. సంక్రాంతి రోజు ఉదయం ఏడు నుంచి పది వరకు, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు నేను ఉంటాను. ఫ్రిజ్జులో రెండు రకాల ఇన్సులిన్, అరలో వాల్‌ప్రోయేట్ సిరప్ నాలుగు సీసాలు అదనంగా తెప్పించి పెట్టాను.